కిందాసా నీళ్లు

మా చిన్నాయన జగిత్యాల దగ్గరి పల్లె నుంచి జెద్దా పోయి పద్నాలుగేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చాడు. ఆయన ముచ్చట్లలో ఒక మాట తరచూ దొర్లేది. "పొద్దుగాల్నే కిందాసాకు పోయి ట్యాంకరు నింపుకునేటోళ్లం" అనేవాడు. అది తెలుగు మాటే అనుకున్నాను చాన్నాళ్లు. ఊరికి కిందవైపు, పల్లంలో ఉన్న ఏ బావినో మనవాళ్లు అలా పిలుచుకుని ఉంటారని నా లెక్క. ఈమధ్య వేరే దేనికోసమో వెతుకుతుంటే అసలు గుట్టు దొరికింది. కిందాసా అంటే కండెన్సర్! అరబ్బుల నోట పడి నలిగి నలిగి అలా తయారైంది. మనం చేతిపంపును 'బోరింగు' అన్నట్టే, వాళ్లు యంత్రం పేరును నీళ్లు పట్టే చోటుకే పెట్టేశారు.

ఆ యంత్రం జెద్దాకు వచ్చింది 1907లో, తుర్కుల పాలనలో. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నది లేదు, వాన ఎప్పుడో గాని పడదు. ఏటా హజ్ యాత్రికులతో ఓడలు మాత్రం వచ్చి దిగుతుంటాయి. సముద్రపు నీటిని బొగ్గుతో కాచి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు పట్టే ఈ సరంజామాను ఒడ్డున బిగించారు. అది పాతబడ్డాక 1928లో అబ్దుల్ అజీజ్ రాజు కొత్త యంత్రాలు పెట్టించాడు. ఇవాళ కోట్ల లీటర్లలో నీళ్లు తీసే సౌదీ ప్లాంట్ల వంశవృక్షానికి తల్లివేరు ఆ బొగ్గు పొయ్యే.

అయితే కండెన్సర్ పుట్టిల్లు ఒడ్డు కాదు, ఓడ. ఉప్పునీళ్లు పోస్తే స్టీమరు బాయిలర్‌లో గార కడుతుంది. అందుకే ఓడ తన మంచినీళ్లు తానే కాచుకోవడం నేర్చింది. ఇక స్టీమర్లకు ముందు సంగతి అడిగితే పప్పు గిన్నె మూత తీసి చూడండి, లోపలి వైపు పట్టిన చుక్కల్లో ఉప్పుండదు. సముద్రపు నీరు ఆవిరైతే తీపవుతుందనీ, ఆ ఆవిరి మళ్లీ నీరైనా ఉప్పు తిరిగి రాదనీ అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే రాశాడు. నావికులు మరిగే గిన్నె మూతి దగ్గర స్పాంజి వేలాడదీసి పిండుకునేవారని క్రీ.శ. 200 ప్రాంతపు అలెగ్జాండర్ అనే వ్యాఖ్యాత చెప్పాడు. అక్కణ్నుంచి ఒక పదిహేను వందల ఏళ్లు ఒక్క గుక్కలో దాటేద్దాం. నాకు ప్రాణమైన కాలం ఆ తర్వాతే వస్తుంది మరి.

1772లో బ్రిటిష్ పార్లమెంటు చార్లెస్ ఇర్వింగ్ అనే డాక్టరుకు 5,000 పౌన్ల బహుమానం ఇచ్చింది. ఆయన చేసిందల్లా ఓడలోని వంట కాగుకు పొడవాటి గొట్టం తగిలించి, దాన్ని తడిగుడ్డ చీపురుతో తుడుస్తూ చల్లబరచడం. కెప్టెన్ కుక్ తన రెండో యాత్రకు ఆ గొట్టాన్ని పట్టుకుపోయాడు. పనికొచ్చేదేగాని దీన్నే నమ్ముకుని బయల్దేరొద్దు అన్నది ఆయన అభిప్రాయం. కట్టెలు పుష్కలంగా ఉంటే ప్రాణం నిలిచేన్ని నీళ్లొస్తాయిగాని, ఆరోగ్యానికి సరిపడా రావన్నాడు. తీరా 1773 జనవరిలో దక్షిణధ్రువం వైపు పోతుంటే మంచుకొండల ముక్కలు కనిపించాయి. పడవలు దించి మంచు ఏరి కరిగిస్తే దాదాపు 15 టన్నుల మంచినీళ్లొచ్చాయి! గొట్టం ఒక మూల పడి ఉండగా సముద్రం మీదే సముద్రపు నీళ్లు కాని నీళ్లు.

అసలు వినోదం 1790లో. ఆ ఏడాది ఆగస్టులో జార్జి వాషింగ్టన్ న్యూపోర్టు రేవుకు వచ్చినప్పుడు జేకబ్ ఐజాక్స్ అనే ఆసామి ఆయనకు ఒక సీసా ఇచ్చాడు. సముద్రపు నీటి నుంచి తీసిన మంచినీళ్లు. వాషింగ్టన్ మెచ్చుకున్నాడు. దాంతో ఐజాక్స్‌కు ధైర్యం వచ్చింది. తన దగ్గర ఒక రహస్య మిశ్రమం ఉందనీ, అది కలిపి కాస్తే నీళ్లు త్వరగా, ఎక్కువగా వస్తాయనీ, తగిన ప్రతిఫలం ఇప్పించాలనీ కాంగ్రెసుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ తిరిగి తిరిగి విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ బల్ల మీదికి వచ్చింది.

మన మంత్రులైతే ఒక కమిటీ వేసి ఊరుకునేవారు. జెఫర్సన్‌కు ఇలాంటివంటే సరదా. 1791 మార్చిలో ఫిలడెల్ఫియాలో పొయ్యి వెలిగించాడు. ఖగోళ శాస్త్రవేత్త రిటెన్‌హౌస్‌నూ, విస్టార్, హచిన్సన్ అనే ఇద్దరు డాక్టర్లనూ సాక్షులుగా పిలిచాడు. ఒకసారి మిశ్రమం వేసి కాచారు, ఒకసారి వేయకుండా కాచారు. ఎన్ని నీళ్లొచ్చాయి, ఎన్ని కట్టెలు కాలాయి అని తూచి చూశారు. మిశ్రమం వల్ల ఒరిగిందేమీ లేదు. ఒక దేశపు మంత్రి పొయ్యి పక్కన నిలబడి కట్టెలు తూయిస్తున్న ఆ బొమ్మ నా మనసులోంచి పోదు. ఆ నవంబరులో ఇచ్చిన నివేదికలో ఆయన ఐజాక్స్‌ను ఎద్దేవా చేయలేదు. అప్పటికే ఈ పని చేసినవాళ్ల పేర్లు వరసగా రాసి, ఇది అందరికీ తెలిసిన విద్యేనన్నాడు. పైగా ఒక చక్కటి సలహా ఇచ్చాడు. రేవు దాటే ప్రతి ఓడకూ ఇచ్చే అనుమతి పత్రం వెనకవైపున, వంట కాగుతో మంచినీళ్లు కాచే పద్ధతి అచ్చువేసి ఇమ్మన్నాడు. ప్రాణం నిలిపే విద్య రహస్యంగా ఉండకూడదని. సర్కారు కాయితం వెనకవైపుకు ఇంతకంటే మంచి వాడకం నేను వినలేదు.

ఆ పొయ్యి పక్కన తేలింది ఒకటే. విద్యలో గుట్టు లేదు, ఖర్చంతా కట్టెల్లో ఉంది. ఆ తర్వాతి చరిత్రంతా కట్టెల కోసం వెతుకులాటే.

ఇప్పటి చిలీ ఎడారిలో సురేకారం గనుల దగ్గర లాస్ సాలినాస్ అనే చోట చార్లెస్ విల్సన్ కట్టెల బెడదే లేకుండా చేశాడు. 1872లో ఎకరానికి పైగా గాజు పలకలు పరిచాడు. కింద ఉప్పునీళ్లు, పైన ఎండ, గాజు వాలులో జారే చుక్కలు. రోజుకు 20,000 లీటర్లకు పైగా వచ్చేవి. తాగింది మాత్రం ఎక్కువగా గనుల బండ్లు లాగే కంచర గాడిదలు! దాదాపు 40 ఏళ్లు నడిచాక ఆ గాజు తోట మూతపడింది, దాంతో పాటు ఆ ఆలోచనా అటకెక్కింది. ఎండకు కొదవలేని మన దేశాలు దాన్ని అంత తేలిగ్గా మరిచిపోవడం నాకు మింగుడుపడదు.

కువైట్ దారి వేరు. మన రాజంపేట, కోనసీమ వాళ్లు పోయి బతుకుతున్న ఆ దేశం ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుంచి తెరచాప పడవల్లో నీళ్లు తెచ్చుకునేది. చమురు పడ్డాక కట్టెల చింత తీరింది. 1953లో షువైఖ్‌లో రోజుకు పది లక్షల గాలన్ల ప్లాంటు వచ్చింది. స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ సిల్వర్ వేడి నీటిని ఒత్తిడి తగ్గుతూ పోయే గదుల్లోంచి నడిపి, గదిగదికీ కొంత ఆవిరి పుట్టించి, ఆ వేడినే మళ్లీ వాడే పద్ధతికి రూపమిచ్చాడు. గల్ఫ్ అంతా దశాబ్దాల పాటు అదే నమ్ముకుంది.

పొయ్యే లేకుండా చేసింది 1959-60లో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, మనవాడు శ్రీనివాస సౌరిరాజన్. వాళ్ల సెల్యులోజ్ అసిటేట్ పొర ఒక వైపు నుంచి నొక్కితే పనిచేసేది, తిరగేస్తే చేసేది కాదు. నీళ్లను వదిలి ఉప్పును ఆపే ఆ పొరకే మన వీధుల్లో 'ఆర్వో' అని పేరు. 1965లో దాన్ని మొదట కోలింగా అనే ఊళ్లో పెట్టారు. రైలు ట్యాంకర్లలో తాగునీళ్లు తెప్పించుకున్న ఊరది. ఇళ్లలో మూడు కుళాయిలు: వేడినీళ్లకు, చన్నీళ్లకు, తాగేనీళ్లకు. తాగేనీళ్లు, వాడుకనీళ్లు అంటూ బిందెలు వేరుచేసుకునే మనకు ఇది చెప్పనక్కర్లేదు.

రైల్లో నీళ్లు అంటే 2019 జులై చెన్నై గుర్తొస్తుంది. జోలార్‌పేట నుంచి ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. ఆ నగరానికి మన తెలుగుగంగ కూడా ఉంది. ఒప్పందం ప్రకారం కృష్ణా పారే మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీల నీళ్లు వదులుకున్నాయి, 1996లో మొదటిసారి కండలేరు మీదుగా అవి చేరాయి. ఎగువన వాన పడకపోతే కాలువ ఎండుతుంది. సముద్రం ఎండదు. అందుకే 2010లో మీంజూరు, 2013లో నెమ్మేలి ప్లాంట్లు, ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్లు. 2024లో నెమ్మేలిలోనే ఇంకో 15 కోట్లు. పేరూరులో 40 కోట్ల లీటర్లకు 2023లో శంకుస్థాపన చేశారు.

కట్టెల లెక్క మాత్రం తప్పలేదు. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు కాలుతుంది. సుమారు రెండున్నర లీటర్లు లాగితే ఒక లీటరు మంచినీరు, మిగతాది చిక్కటి ఉప్పునీరై తిరిగి సముద్రంలోకే పోతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలోని సుమారు 16,000 ప్లాంట్లు రోజుకు 9.5 కోట్ల ఘనపు మీటర్ల మంచినీటికి 14.2 కోట్ల ఘనపు మీటర్ల ఉప్పుద్రావణం వదులుతున్నాయి.

ఇక్కడ నాకు చీరాల దగ్గర చూసిన దొరువు గుర్తొస్తోంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసకలో తవ్విన గుంట. రైతు రెండు చేతుల్లో రెండు కడవలతో వాలులోకి దిగి, ముంచుకుని, పైకి వచ్చి నడుస్తూనే ఆకుకూర మళ్ల మీద చల్లుకుంటూ పోతున్నాడు. నోట్లో పోసుకున్నాను, తియ్యగా ఉన్నాయి. వాననీరు తేలిక గనక ఇసక కింద ఉప్పునీటి మీద తేలుతుంది. కడవతో ముంచినన్నాళ్లు ఆ పైపొర నిలుస్తుంది, మోటారు పెట్టి తోడితే కింది ఉప్పు పైకి ఎగబాకుతుంది. మోటార్లూ వచ్చాయి, రొయ్యల చెరువులూ వచ్చాయి. చాలా దొరువులు ఉప్పుబారాయి. యంత్రం, కరెంటు ఏవీ అక్కర్లేని మంచినీళ్లను అలా పాడుచేసుకుని, ఇప్పుడు అదే ఒడ్డున యంత్రాలు పెట్టాలని మాట్లాడుకుంటున్నాం.

చిన్నాయన ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే ఇరవై లీటర్ల క్యాను మోపెడ్‌కు కట్టుకుని పంచాయతీ ఆఫీసు పక్కనున్న ఆర్వో ప్లాంటుకు బయల్దేరుతూ "కిందాసాకు పోయొస్త" అంటాడు. మొన్న నేనూ వెంట వెళ్లాను. ఆయన క్యాను నిండేలోపు వెనక గొట్టంలోంచి ఇంకో క్యానెడు నీళ్లు మోరీలోకి పోయాయి.