వేపమండతో వలస వెళ్ళిన అమ్మవారు: ఖరగ్‌పూర్ తెలుగువారి మాతాపూజ

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌లో చైత్ర వైశాఖ మాసాల ఎండ తీవ్రమైనది. అక్కడి ఎర్రరాతి నేల పొద్దెక్కక ముందే కాగిపోతుంది. ఆ రోజులలోనే తెలుగు కుటుంబాలు నివసించే రైల్వే కాలనీలలో డప్పుల మోత వినిపిస్తుంది. పసుపు నీళ్ళు నింపి, వేపమండలు ఉంచిన బిందెలను, ఘటాలను నెత్తిన పెట్టుకొని స్త్రీలు అమ్మవారి కొలువుకు సాగిపోతారు. దీనినే ఆ పట్టణవాసులు మాతాపూజ అని వ్యవహరిస్తారు. కొత్తగా చూసేవారికి ఇది బెంగాల్‌లో ఊరూరా జరిగే శీతలాదేవి పూజలలో ఒకటిగా తోచవచ్చు. పూనకం వచ్చిన వ్యక్తిని, ఆ వ్యక్తి శరీరంపై వేపమండలతో కొట్టడాన్ని చూసినవారు క్షుద్రపూజగా భ్రమపడవచ్చు. ఈ రెండు అభిప్రాయాల వెనుకా ఒక శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రకు సాక్షిగా నిలిచినది వేపచెట్టు.

తెలుగువారు ఇంత దూరం రావడానికి కారణం రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన కూడలిగా ఎంచుకొన్నది. అక్కడ పెద్ద వర్క్‌షాప్ వెలసింది. బెజవాడ నుండి కటక్ వరకు తూర్పుతీర రైలుమార్గం 1893-96 మధ్యకాలంలో పూర్తయింది. కొద్ది సంవత్సరాలకే దానిలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం ఈ కంపెనీ చేతికి వచ్చింది. దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు చెందింది. ఈ విభజన ఫలితం గమనార్హమైనది. విశాఖపట్నం, గంజాం జిల్లాల మనిషికి మద్రాసు కన్న ఖరగ్‌పూర్ దగ్గరిదయింది. ఒకే కంపెనీ, ఒకే మార్గం, ఒకే కొలువు. కరవుకాలంలో పని వెదుక్కొంటూ బయలుదేరినవారు ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా చేరి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా వంటి పేటలలో స్థిరపడినారు. (నింపురా పేరు వినగానే బెంగాలీలకు వేపచెట్టు తలపునకు వస్తుంది, వారి భాషలో వేపను ‘నిమ్’ అంటారు.)

ఈ కార్మికుల గురించి చరిత్ర గ్రంథాలు చెప్పేది ప్రధానంగా పోరాటాల కథ. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ సమ్మె, తదుపరి లాకౌట్, బి.ఎన్.ఆర్. కార్మికోద్యమంలో వి.వి. గిరి నిర్వహించిన పాత్ర జాతీయోద్యమ చరిత్రలో భాగాలైనాయి. అయితే క్వార్టర్ల లోపల స్త్రీలు గడిపిన జీవితాన్ని కూలీ పట్టీలు గాని, సమ్మె నివేదికలు గాని నమోదు చేయలేదు. బిడ్డకు జ్వరం వచ్చి ఒంటిపై పొక్కులు లేచిన రాత్రి ఆ ఇల్లాలు ఏమి చేసింది? ఈ ప్రశ్నకు సమాధానం మాతాపూజ తంతులో కొంతవరకు దొరుకుతుంది.

తెలుగునాట గ్రామదేవత ఆ ఊరికి మాత్రమే చెందిన దేవత. పోలేరమ్మ పేరులోనే పొలిమేర ఉన్నది. ఊరి మధ్యన బొడ్రాయి, ఊరి అంచున అమ్మవారి గద్దె, ఈ రెంటి నడుమ ఆమె అధికారం. కొలుపులో ఎవరి పని వారిదే. కుమ్మరి ఘటం తేవాలి, చాకలి దివిటీ పట్టాలి, ఆసాదులో పంబలవారో బైండ్లవారో అమ్మవారి కథ చెప్పాలి. ఇవన్నీ వంశపారంపర్య హక్కులు. రైలు టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన మనిషి వీటిలో ఏ ఒక్కదానినీ వెంట తెచ్చుకోలేడు. కంపెనీ కొలిచి గీసిన వీధులకు పొలిమేర లేదు, బొడ్రాయి లేదు. పక్క క్వార్టరులో ఒడియా కుటుంబం, ఎదుట బెంగాలీ కుటుంబం, వెనుక ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవారు. అటువంటి చోట కొలుపు జరగాలంటే, ఎవరి వంశహక్కూ అక్కరలేనిది, ఎక్కడైనా దొరికేది ఒకటి కావాలి. మేదినీపూర్ పశ్చిమభాగపు పొడి నేలలో వేప ధారాళంగా పెరుగుతుంది. పసుపు ప్రతి అంగడిలోనూ లభిస్తుంది. కొలుపులోని తక్కిన అంగాలు సన్నగిల్లినా, ఈ రెండింటి చుట్టూ పూజ మళ్ళీ అల్లుకొన్నది.

పూజలో వేప స్థానాన్ని గ్రహించాలంటే మశూచి సోకిన ఇంటిని తలచుకోవాలి. ఆ వ్యాధి పేరు ఇంట్లో ఉచ్చరించేవారు కారు. ‘అమ్మవారు పోసింది’ అనేవారు. పొక్కులను ముత్యాలనేవారు, ముత్యాలమ్మ అనే పేరును ఈ భావనతోనే అన్వయిస్తారు. అమ్మవారు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది దేవతకు స్వాగతం. బయటివారికి హెచ్చరిక కూడా. ఆ మండను చూసి పరాయివారు గడప దాటేవారు కారు, బిచ్చగాడు సైతం పక్క ఇంటికి పోయేవాడు. రోగి పడకపై లేత వేపాకులు పరిచేవారు. దురద పుట్టినప్పుడు గోళ్ళతో గీరుకోకుండా వేపరెమ్మతో మెల్లగా నిమిరేవారు. ఇంట్లో తాలింపు మాని, చల్దిఅన్నం, మజ్జిగ, అంబలి వంటి చలవచేసే ఆహారం పెట్టేవారు. పొక్కులు మాడి పెచ్చులు రాలిన పిదప వేపాకు, పసుపు కలిపిన నీటితో తలకు పోసేవారు. ఆ స్నానంతో అమ్మవారు ఇల్లు విడిచినట్లు. వైద్యం ఎక్కడ ముగిసిందో, ఆరాధన ఎక్కడ మొదలైందో ఆ ఇంటివారు ఎన్నడూ విడదీసి చూడలేదు.

ఉత్తరాంధ్ర జాతరలలో పసుపు, వేపాకు కలిపిన నీటిని అమ్మవారికి సమర్పించడాన్ని ముర్రాటలు అంటారు. ఒక ఇంట్లో రోగికి చేసిన చలువ ఉపచారాన్నే ఏడాదికొకసారి ఊరంతా కలిసి దేవతకు చేయడం దీని అంతరార్థం. ఖరగ్‌పూర్ వీధులలో బిందెలతో నడిచే స్త్రీలు, తెలిసో తెలియకో, ఈ ముర్రాటలనే మోస్తున్నారు.

బెంగాల్‌లో వారికి ఎదురైన దేవత పేరు శీతల, అనగా చల్లని తల్లి. గాడిద ఆమె వాహనం. చీపురు, కలశం, చేట ఆమె చిహ్నాలు. ఆ తల్లి పూజలోనూ వేపరెమ్మకు స్థానమున్నది. మేదినీపూర్ ప్రాంతం ఈ ఆరాధనకు ప్రధాన క్షేత్రాలలో ఒకటి. 18వ శతాబ్దంలో అక్కడి కాశీజోడా సంస్థానాన్ని ఆశ్రయించిన నిత్యానంద చక్రవర్తి శీతలామంగళ కావ్యాన్ని రచించినాడు. ఆ శతాబ్దపు కరవు, యుద్ధం, అంటువ్యాధుల నడుమ శీతలాదేవికి విశేష ప్రాబల్యం వచ్చిందని, మేదినీపూర్ గ్రామాలలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాల్ఫ్ నికొలస్ 1981లో ప్రకటించిన వ్యాసంలో ప్రతిపాదించినారు. బెంగాలీలో మశూచికి వాడుకలో ఉన్న పేరు ‘బసంత’, అనగా వసంతం. ఋతువు పేరే రోగం పేరయింది. ఫాల్గుణంలో విజృంభించి, ఎండలలో ఉధృతమై, వానలు పడగానే తగ్గుముఖం పట్టే స్వభావం ఆ వ్యాధిది. వేప కొత్తగా చిగిర్చి పూతపట్టే కాలం కూడా అదే. తెలుగువారు ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేస్తే, బెంగాలీలు లేత వేపాకును వంకాయతో వేయించి అన్నంలో కలుపుకొంటారు. ఇరుగుపొరుగు ఆడవారు ఒకే కొమ్మకు చేయి చాచిన ఆ కాలంలో ఇద్దరు అమ్మవార్లు ఒకరినొకరు గుర్తుపట్టడం కష్టమై ఉండదు.

పరిసర అరణ్యాలలోని సంతాలుల వసంతోత్సవమూ ఇక్కడ స్మరణీయం. ఫాల్గుణంలో జరిగే బాహా పండుగ నాడు జాహేర్ అనే పవిత్ర వనంలో కొత్త సాలపూలను, ఇప్పపూలను దేవతలకు సమర్పిస్తారు. అంతకు ముందు ఆ పూలను తలలో తురుముకోరు. నార్వే దేశస్థుడు పి.ఓ. బాడింగ్ సంతాలుల వైద్యాన్ని, దానితో ముడిపడిన విశ్వాసాలను గ్రంథస్థం చేసి, 1925-40 సంవత్సరాల మధ్య బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ ద్వారా మూడు భాగాలుగా వెలువరించినాడు. మూలికల ప్రయోగం, మంత్రగత్తె భయం ఒకే ఓఝా చేతిలో ఎలా కలిసి ఉండేవో ఆ గ్రంథం విశదం చేస్తుంది.

ఈ సందర్భంలోనే ఒక అపోహను పరిశీలించవలసి ఉన్నది. తెలుగు గ్రామదేవతలను గురించి ఆంగ్లంలో విపులంగా వ్రాసిన తొలి రచయితలలో ఇద్దరు క్రైస్తవ మత ప్రచారకులు. నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు డబ్ల్యూ.టి. ఎల్మోర్ గ్రంథం 1915లో, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గ్రంథం 1916లో వెలువడినాయి. వేపమండలు ఒంటికి కట్టుకొని మొక్కు తీర్చుకొనే ఆచారం వారి దృష్టికి వచ్చింది. వారి పరిశీలన నిశితమైనది, వారి వివరాలు నేటికీ అమూల్యమైనవి. కాని ఈ పూజ అంతటికీ భయమే పునాది అన్న వారి తీర్పు మాత్రం ఏకపక్షమైనది. ఆ తీర్పు పాఠ్యగ్రంథాల ద్వారా విద్యావంతులలో పాతుకుపోయింది.

వాస్తవానికి తెలుగు పల్లెవాసి ఈ రెంటినీ ఎన్నడూ ఒకటిగా భావించలేదు. కోస్తాలో చిల్లంగి, తెలంగాణలో బాణామతి అని పిలిచే ప్రయోగం చీకటిలో, ఒంటరిగా, ఒకరికి కీడు తలపెట్టి చేసేదని నమ్మకం. అమ్మవారి కొలుపు పట్టపగలు, పదిమంది ఎదుట, అందరి మేలు కోరి చేసేది. ఇంత స్పష్టమైన భేదం ఉన్నా, ఆకులు వేర్లు తెలిసిన వృద్ధ స్త్రీ పరిస్థితి ఎప్పుడూ ప్రమాదకరమే. రోగం నయమైతే ఆమె చేతి చలువ. బిడ్డ మరణిస్తే ఆమె చూపు. అట్టి నిందకు ప్రాణాలు కోల్పోయిన స్త్రీలు తెలుగునాటనూ ఉన్నారు, ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న రాష్ట్రాలలోనూ ఉన్నారు. మంత్రగత్తె అన్న నిందను నేరంగా పరిగణిస్తూ బీహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు చేయవలసివచ్చింది. అమ్మవారి పూజను మంత్రవిద్యగా వర్ణించే రచనలు ఈ నిందకు మరింత ఊతమిచ్చాయన్న సంగతి విస్మరించరానిది.

మశూచిని వేప జయించలేదు. జయించినది టీకా. అయినప్పటికీ టీకాకు, అమ్మవారికి మొదటినుండీ వైరమున్నదని భావించడం పొరపాటు. జె.జెడ్. హాల్వెల్ 1767లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, బెంగాల్‌లో వసంతకాలపు వ్యాధి మొదలుకాక మునుపే బ్రాహ్మణ టీకాదారులు ఊరూరా తిరిగి, క్రిందటి సంవత్సరపు పొక్కుల రసిని చర్మంపై గీటు పెట్టి ఎక్కించేవారు. పథ్యం, చన్నీటి స్నానం, దేవతాపూజ ఆ ప్రక్రియలో విడదీయరాని అంగాలు. ఈ పద్ధతిలో వ్యాధి ఇతరులకు అంటే ప్రమాదమున్నందున, 1865లో కలకత్తాలో దీనిని చట్టంతో నిషేధించినారు. 1802లో బొంబాయిలో ఆరంభమైన గోమసూరి టీకా క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. విచిత్రమేమంటే, పాత పద్ధతి పోయినా ‘టీకా’ అన్న దాని పేరు మాత్రం కొత్త పద్ధతికి సంక్రమించింది. 1975 మే నెల తరువాత భారతదేశంలో మశూచి సోకినవారు లేరు. 1977లో దేశం మశూచి రహితమని నిర్ధారణ అయింది. ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ఆ వ్యాధి భూమిపై అంతరించినదని ప్రకటించింది.

కారణమైన వ్యాధి తొలగినా పూజ నిలిచింది. ఆటలమ్మ సోకిన ఇళ్ళలో నేటికీ వేపాకు పడకపైకి వస్తుంది. ప్రయోగశాల కూడా ఈ చెట్టును ఉపేక్షించలేదు. 1942లో సలీముజ్జమాన్ సిద్దీఖీ వేప నూనె నుండి నింబిన్ మొదలైన చేదు పదార్థాలను వేరుచేసినాడు. 1990ల మధ్యకాలంలో వేప నూనెకు సంబంధించిన ఒక ప్రయోగానికి అమెరికా సంస్థ యూరప్‌లో పేటెంటు పొందగా, అది భారతీయులకు ముందే తెలిసిన విద్య అన్న వాదనపై 2000లో రద్దయింది, 2005లో అప్పీలు వీగిపోయింది. ఆ వివాదంలో రైతుల అనుభవం సాక్ష్యమైంది. అమ్మవారి ఘటం మోసిన స్త్రీల అనుభవానికీ అంతే వయస్సు ఉన్నది.

ఖరగ్‌పూర్‌లో మారినది అమ్మవారి పేరు. ముత్యాలమ్మ, నూకాలమ్మ, మరిడమ్మ అని తాతలు తమ తమ ఊళ్ళను బట్టి పిలిచిన తల్లులను మనుమలు ‘మాత’ అనే ఒకే మాటతో పిలుస్తున్నారు. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ వారందరికీ అర్థమయ్యే మాట అది. రైల్వే పట్టణానికి తగిన పేరే. అయితే దానితోపాటు ఏ అమ్మ ఏ ఊరిదన్న జ్ఞాపకం కూడా జారిపోతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో హిందీయో బెంగాలీయో ఆంగ్లమో చదివే పిల్లలకు ముర్రాట అన్న మాట తెలియదు. బిందెలో వేపమండను ఏ వైపునకు త్రిప్పి పెట్టాలో మాత్రం తల్లిని చూసి నేర్చుకొంటున్నారు. పూజ ముగిసిన పిదప ఆ మండలనే ఇంటికి తెచ్చి గుమ్మానికి గుచ్చుతారు. తొలకరి వానలు పడేనాటికి వాటి ఆకులు ఎండి రాలిపోయి, ఈనెలు మాత్రం మిగిలి ఉంటాయి.