కిర్క్స్‌విల్ నుంచి వచ్చిన చేతివైద్యం

పదేళ్ల కుర్రాడికి తల పగిలిపోతోంది. తండ్రి నాగలికి వాడే పగ్గం తనే తీసుకెళ్లి రెండు చెట్ల మధ్య ఉయ్యాల కట్టాడు. నొప్పితో ఊగడం వాడి వల్ల కాలేదు. పగ్గాన్ని నేలకు జానెడెత్తుకు దించి, మీద దుప్పటి కొస వేసి, మెడ దాని మీద ఆనించి వెల్లకిలా పడుకున్నాడు. కునుకు పట్టింది. లేచేసరికి నొప్పి మాయం.

ఆ కుర్రాడు ఆండ్రూ టేలర్ స్టిల్, 1828లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. పగ్గం సంగతి 1897లో అచ్చయిన ఆత్మకథలో ఆయన రాసుకున్నదే, వేరే సాక్ష్యమేమీ లేదు. అయినా ఆస్టియోపతీ అనే ఈ చేతివైద్యం చరిత్రను ఇక్కణ్ణుంచి ఎత్తుకోవడం ఆనవాయితీ అయిపోయింది.

తండ్రి మెథడిస్టు బోధకుడు, వైద్యుడు కూడా. ఆ రోజుల్లో సరిహద్దు పల్లెల్లో వైద్యమంటే పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునేదే. స్టిల్ కూడా అలాగే నేర్చాడు. ఆదివాసుల సమాధులు తవ్వించి, ఆ దేహాలు కోసి ఎముకల సంగతి తెలుసుకున్నానని ఏ సంకోచమూ లేకుండా రాశాడు. వాళ్ల అనుమతి ఎవరు అడిగారు గనుక! 1864లో మెనింజైటిస్ ఆయన పిల్లల్లో ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. వచ్చిన డాక్టర్లు చేతనైనదంతా చేశారు. నాటి మందులంటే పాదరసంతో చేసిన కాలొమెల్, నల్లమందు, సారా. కాలొమెల్ ఎక్కువైతే చిగుళ్లు పుండ్లుపడి పళ్లు ఊడేవి. అలాంటి కాలంలో మందు మానేయమన్న వైద్యుడి దగ్గర రోగి కోలుకున్నాడంటే అందులో వింతేముంది?

1874 జూన్ 22న తనకు కొత్త వైద్యం తట్టిందని స్టిల్ ప్రకటించాడు. ఎముకలు, ముఖ్యంగా వెన్నుపూసలు, తమ చోటు తప్పితే రక్తం సరిగా పారదు, రోగం అక్కడే పుడుతుంది, చేత్తో సరిచేస్తే ఒళ్లు తన మందు తనే తయారుచేసుకుంటుంది: ఇదీ ఆయన సిద్ధాంతం. అదే ఏడాది శరదృతువులో మిస్సోరిలోని మేకన్ ఊళ్లో తల్లితో నడిచి వెళ్తున్న నాలుగేళ్ల పిల్లవాడు కనిపించాడు. రక్త విరేచనాలు, నడిచినంత దూరం నేల మీద చుక్కలు. స్టిల్ వాణ్ణి ఎత్తుకుని నడుం మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది, పొట్ట చల్లగా ఉంది. అక్కడే వెన్ను వెంబడి నొక్కి సర్దాడు. మర్నాడు తల్లి వచ్చి బాబు బాగున్నాడని చెప్పిందట. విరేచనాలు వాటంతటవే తగ్గాయో, చేతి మహిమో తేల్చే దారి లేదు. జబ్బులన్నిటికీ మూలం ఎముకల సర్దుబాటేనన్న మాట మాత్రం తర్వాతి సైన్సు ముందు నిలవలేదు.

సొంతవాళ్లే వింతగా చూశారు. కాన్సస్‌లో ఆయన కుటుంబం చేయూతతో లేచిన బేకర్ యూనివర్సిటీలోనే మాట్లాడనివ్వలేదు. 1875లో మిస్సోరిలోని కిర్క్స్‌విల్ ఊరు చేరి, ఎముకలు సర్దే వైద్యుణ్ణని చెప్పుకుని ఊళ్లు తిరిగాడు. మన పాఠకులకు ఇక్కడ పుత్తూరు కట్టు గుర్తొస్తే తప్పులేదు గానీ రెండూ ఒకటి కావు. పుత్తూరులో విరిగిన ఎముకకు ఆకుపసరు, గుడ్డుసొన పట్టించి వెదురుబద్దలతో కడతారు. ఆస్టియోపతీ విరగని ఒంటిని సవరిస్తానంటుంది.

1892లో కిర్క్స్‌విల్‌లో స్టిల్ పెట్టిన కాలేజీలో మొదటి తరగతిలోనే ఆడవాళ్లూ ఉన్నారు. ఎండీ పట్టా ఇవ్వడానికి చట్టం ఒప్పుకున్నా, పంతానికి డీఓ అనే వేరే పట్టా ఇచ్చాడు. రైళ్లలో రోగులు దిగుతుంటే ఊరినిండా పూటకూళ్ల ఇళ్లు వెలిశాయి. 1901లో రచయిత మార్క్ ట్వేన్ న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి వెళ్లి ఆస్టియోపాత్‌ల తరఫున మాట్లాడాడు. తన ఒంటిని ఎవరి చేతికి అప్పగించాలో తేల్చుకునే హక్కు తనదేనన్నది ఆయన వాదన.

స్టిల్ 1917లో పోయాడు. అప్పటికే దారులు చీలుతున్నాయి.

అమెరికాలో డీఓలు మెల్లగా మందులు, శస్త్రచికిత్సల వైపు జరిగారు. 1962లో కాలిఫోర్నియాలో విచిత్రం జరిగింది: సుమారు 2,000 మంది డీఓలు 65 డాలర్ల రుసుము కట్టి ఎండీలైపోయారు. 1966లో సైన్యం డీఓలను డాక్టర్లుగా తీసుకుంది. 1973లో చివరి రాష్ట్రం మిసిసిపీ కూడా పూర్తి హక్కులిచ్చింది. ట్రంప్ మొదటి హయాంలో వైద్యుడు షాన్ కాన్లీ, బైడెన్ వైద్యుడు కెవిన్ ఓకానర్ ఇద్దరూ డీఓలే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్లకు ఫ్యామిలీ డాక్టర్ పేరు పక్కన ఆ రెండక్షరాలు కనబడితే కంగారు పడనక్కర్లేదు. ఆ మనిషి మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేయగలరు. వెన్ను మీద చెయ్యి వేయనివాళ్లే ఎక్కువ.

బ్రిటన్ కథ వేరు. స్టిల్ శిష్యుడు జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ 1917లో లండన్‌లో స్కూలు పెట్టాడు. 1935లో ప్రభువుల సభ కమిటీ ముందు ఆయన సాక్ష్యం తేలిపోయి, గుర్తింపు బిల్లు మూలపడింది. 1963లో బ్రిటన్ మంత్రి ప్రొఫ్యూమో పదవి ఊడగొట్టిన కుంభకోణంలో నలిగిపోయిన స్టీఫెన్ వార్డ్ కిర్క్స్‌విల్‌లో చదివిన ఆస్టియోపాతే. చర్చిల్ కూడా ఆయన రోగుల్లో ఒకరు. చివరకు 1993లో చట్టం వచ్చింది. జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ జాబితాలో పేరు లేనివాళ్లు అక్కడ ఆస్టియోపాత్ అని చెప్పుకుంటే నేరం. జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. అయితే వీళ్లు డాక్టర్లు కారు, మందుల చీటీ రాయరు. చికిత్సకు పైబట్టలు తీయమనవచ్చు. తోడు మనిషిని గదిలో ఉంచుకోమని అడగడం రోగి హక్కు.

మన దేశంలో అలా ఆస్టియోపతీకంటూ విడిగా కౌన్సిల్ లేదు. బోర్డు చూసి లోపలికి వెళ్లేవాళ్లు, చికిత్స చేసే మనిషి ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఫిజియోథెరపిస్టా కాదా అని మొహమాటపడకుండా అడగాల్సిందే.

ఫలితం మాటకొస్తే, 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశీలనలో నడుంనొప్పికి ఈ చికిత్స మామూలు వైద్యంతో ఇంచుమించు సమానంగా పనిచేసింది, మందుల వాడకం తగ్గింది. అంతకు మించి ఆశించకూడదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సైతం వ్యాయామంతో కలిపితేనే దీన్ని ఒప్పుకుంటాయి. ఉబ్బసం, పసిపిల్లల ఏడుపు కూడా తగ్గిస్తామంటే నమ్మడానికి గట్టి ఆధారాల్లేవు. మెడను ఒక్కసారిగా తిప్పే పద్ధతిలో రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి, కాబట్టి ఆ ఒక్కటి వద్దని ముందే చెప్పవచ్చు. ఎముకలు గుల్లబారినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ విషయం బల్ల ఎక్కకముందే చెప్పాలి. నడుంనొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, కూర్చునే భాగం తిమ్మిరెక్కినా, కాళ్లు పట్టు తప్పుతున్నా ఏ చేతివైద్యం దగ్గరా ఆగకుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.