అచ్చు కాని గ్రీకు సంగీతం

ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఐదు వలయాల జెండా ఎగరేసేటప్పుడు ఒక గీతం వినిపిస్తుంది. కోట్లాదిమంది టీవీల ముందు కూర్చుని ఆ బాణీ వింటారు. దాన్ని కట్టిన వ్యక్తి స్పిరిడాన్ సమారాస్. 1861లో గ్రీసు పడమటి తీరంలోని కోర్ఫు దీవిలో పుట్టారు. 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ కోసం కవి కోస్టిస్ పలామాస్ రాసిన గీతానికి స్వరం కూర్చారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా అది మూలనపడింది. 1958లో టోక్యోలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశమైనప్పుడు జపాన్ స్వరకర్త యూజి కోసెకి దాన్ని వాద్యబృందానికి అనువుగా మలిచి వినిపించాకే అధికారిక గీతం హోదా దక్కింది. అప్పటికి సమారాస్ చనిపోయి 41 ఏళ్లు.

ఆ నాలుగు నిమిషాల పాట తప్ప సమారాస్ రాసినదేదీ మామూలు శ్రోత చెవిన పడదు. కానీ బతికున్న రోజుల్లో ఆయన ఇటలీలో పేరున్న ఒపెరా రచయిత. 1886లో మిలాన్‌లో ఆయన ‘ఫ్లోరా మిరాబిలిస్’ ప్రదర్శించారు. ఆ స్వరపత్రాలను సొంజోన్యో అనే పెద్ద ప్రచురణ సంస్థ తన దగ్గర ఉంచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, మిలాన్ మీద బాంబులు పడ్డాయి. సొంజోన్యో భవనం తగలబడింది. సమారాస్ వాద్యబృందం కోసం రాసిన పూర్తి స్వరపత్రాలు ఆ మంటల్లో పోయాయి. పాటకూ పియానోకూ కుదించిన ప్రతులు మాత్రం అక్కడక్కడా మిగిలాయి.

అదే ఏడాది సెప్టెంబరులో జర్మన్ విమానాలు కోర్ఫు పట్టణం మీద నిప్పు బాంబులు కురిపించాయి. అక్కడి మునిసిపల్ థియేటరు, దానితోపాటు అందులో దాచిన సంగీత భాండాగారం కాలి బూడిదయ్యాయి. ఇది ఎంత నష్టమో తెలియాలంటే ఆ దీవి చరిత్ర కొంత చెప్పుకోవాలి. మిగతా గ్రీసు ఒట్టోమన్ల ఏలుబడిలో ఉన్న శతాబ్దాల్లో కోర్ఫు, జకింతోస్ లాంటి దీవులు వెనిస్ చేతిలో ఉండేవి. అందుకే 18వ శతాబ్దంలోనే కోర్ఫులోని సాన్ జాకోమో రంగశాలలో ఇటాలియన్ ఒపెరా ఆడేది. నికొలావోస్ మంజారోస్ అనే కులీనుడు అక్కడే పిల్లలకు పైసా తీసుకోకుండా సంగీతం నేర్పారు. కవి సొలొమోస్ రాసిన స్వేచ్ఛా గీతానికి బాణీ కట్టింది ఆయనే. 1865లో అది గ్రీసు జాతీయగీతమైంది. ఇప్పుడు సైప్రస్‌కూ అదే. జకింతోస్ దీవికి చెందిన పావ్లోస్ కరేర్ గ్రీకు స్వాతంత్ర్య వీరుడు మార్కో బొత్సారిస్ కథను ఒపెరా చేశారు. కోర్ఫు వాసి స్పిరిడాన్ క్సిందాస్ 1867లో గ్రీకు భాషలోనే ఒక ఒపెరా రాశారు. చిన్నతనంలో సమారాస్‌కు పాఠం చెప్పింది ఈ క్సిందాసే. ఇలా నూరేళ్లకు పైగా పేరుకున్న పని. అందులో ఎక్కువ భాగం అచ్చు మొహం చూడలేదు. ఒకటో రెండో చేతిరాత ప్రతులు, అవీ ఒకే కప్పు కింద. ఒక్క రాత్రి సరిపోయింది.

యుద్ధాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. బాంబులకు ముందే ఇంటివాళ్లు ఈ సంగీతాన్ని అటకెక్కించారు. 1908 జూన్‌లో మనోలిస్ కలోమిరిస్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు ఏథెన్స్‌లో తన రచనలతో కచేరీ చేసి, దాంతోపాటు ఒక ప్రకటన పంచాడు. గ్రీకు సంగీతం జానపద గీతాల నుంచి, గ్రీకు నుడి నుంచి పుట్టాలన్నది అతని పట్టు. స్మిర్నాలో పుట్టి, వియన్నాలో చదివి, అప్పటికి ఖార్కోవ్‌లో పియానో పాఠాలు చెప్పుకుంటున్న కుర్రవాడు ఇంత మాట అనడం సాహసమే. ఆ పట్టుదలతోనే కలోమిరిస్ రెండు సంగీత పాఠశాలలు పెట్టారు, సింఫొనీలు రాశారు, కజన్‌జాకిస్ నాటకాన్ని ‘ప్రోటోమాస్టోరాస్’ పేరుతో 1916లో ఒపెరాగా వేదిక ఎక్కించారు. ‘జోర్బా’ నవలతో మనకు తెలిసిన కజన్‌జాకిసే. కానీ ఆ ఉద్యమపు ఊపులో కోర్ఫు వాళ్లది ఇటలీ సంగీతమే తప్ప గ్రీకుది కాదన్న ముద్ర పడిపోయింది. సమారాస్ సొంత రాజధానిలోనే పరాయివాడయ్యారు. తర్వాతి తరం వచ్చి కలోమిరిస్‌నే పాతచింతకాయ పచ్చడి అంది. ప్రతి తరమూ ముందు తరాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఏ బీరువాలోనూ ఇమడని మనిషి నికోస్ స్కాల్కోటాస్. నాకు ఈ కథంతటిలో అందరికంటే దగ్గరివాడు ఆయనే.

1904లో యూబియా దీవిలోని హాల్కిస్ పట్టణంలో పుట్టారు. పదహారేళ్లకే ఏథెన్స్ కన్సర్వేటరీలో వయొలిన్ పట్టా పుచ్చుకుని, 1921లో ఉపకార వేతనం మీద బెర్లిన్ వెళ్లారు. వెళ్లింది వయొలిన్ విద్వాంసుడు కావాలని. రెండు మూడేళ్లలో ఆ ఆశ వదిలేసి స్వరరచనలో పడ్డారు. పొట్టకూటికి కాఫీ హోటళ్లలో, మూకీ సినిమాలకు వాయించారు. 1927లో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ తరగతిలో చేరారు. పాశ్చాత్య సంగీతంలో శ్రుతికి కట్టుబడని పన్నెండు స్వరాల పద్ధతిని తెచ్చిన గురువు ఆయన. 1948లో రాసిన ఒక వ్యాసంలో షోన్‌బర్గ్, తన దగ్గర చదివిన వందలమందిలో స్వరకర్తలైనవాళ్లు కొద్దిమందేనని చెబుతూ వెబెర్న్, బెర్గ్‌లతో పాటు స్కాల్కోటాస్ పేరూ రాశారు.

ఆ మాట వెలువడే నాటికి స్కాల్కోటాస్ ఏథెన్స్ వాద్యబృందాల్లో వయొలిన్ వాళ్ల వెనక వరసలో కూర్చుని నెల జీతానికి వాయిస్తున్నారు. 1933లో డబ్బులు అయిపోయి, అప్పులపాలై బెర్లిన్ విడిచి వచ్చేశారు. మళ్లీ వెళ్లే నమ్మకంతో కాబోలు, తన స్వరపత్రాల్లో చాలావాటిని అక్కడే వదిలేశారు. మళ్లీ వెళ్లలేకపోయారు. వాటిలో ఎన్నో ఇప్పటికీ దొరకలేదు. ఏథెన్స్‌లో పగలు రేడియో ఆర్కెస్ట్రా, ఒపెరా ఆర్కెస్ట్రా కొలువులు. మిగిలిన వేళల్లో రాత. 1938లో వయొలిన్ కన్చెర్టో, అంటే వాద్యబృందం తోడుగా ఒకే వయొలిన్ ముందు నడిచే రచన. 1940లో పియానో మీద 32 రచనలు. 1942లో, జర్మన్ ఆక్రమణలో జనం ఆకలితో వీధుల్లో రాలిపోయిన చలికాలం వెనువెంట, డబుల్ బేస్ కన్చెర్టో. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ ఇంటికి తిరిగి రావడం మీద ఒక ఒపెరా తలపెట్టి, దానికి ముందుమాటగా రాసిన భాగమే దాదాపు అరగంట సాగే సింఫొనీ అయి కూర్చుంది. ఒపెరా మాత్రం రాలేదు. నాజీలు ఆయన్ని కొన్నాళ్లు హైదరి నిర్బంధ శిబిరంలో ఉంచారు. 1949 సెప్టెంబరులో, ఏళ్ల తరబడి అశ్రద్ధ చేసిన హెర్నియా ముదిరి 45వ ఏట పోయారు. అప్పటికి భార్య నిండు గర్భిణి. తన పెద్ద రచనల్లో చాలావాటిని ఆయన ఒక్కసారి కూడా వాద్యబృందం నోట వినలేదు.

వెనక వరసలో ఒదిగి కూర్చున్న ఆ మనిషి తన ముందున్న స్టాండు మీది సంగీతమంతా వాయిస్తూ, ఇంటి సొరుగులో అంతకంటే గొప్పదాన్ని పెట్టుకున్నాడని తలుచుకుంటే నాకు మనసు అదోలా అయిపోతుంది.

బతికుండగా ఆయనకు కొంచెమైనా పేరు తెచ్చినవి ‘36 గ్రీకు నృత్యాలు’. 1931 నుంచి 1936 వరకు రాశారు. ముప్పైల్లో మెల్పో మెర్లియే నడిపిన జానపద సంగీత భాండాగారం కోసం రికార్డుల నుంచి పల్లె పాటల్ని విని స్వరలిపిలో రాసిన అనుభవం కూడా ఆయనకుంది. కొన్ని నృత్యాల్లో జనం పాడే బాణీలే ఉంటాయి, కొన్ని ఆయన సొంతం. ఏది ఏదో చెవికి తెలియదు. మన శ్రోతలకు ఇవి వినమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే మనకు ఇక్కడ పట్టు దొరుకుతుంది. ఈ వరసలో ‘కలమాటియానోస్’ అనే నృత్యం ఉంది. గ్రీసు పెళ్లిళ్లలో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడేది. దాని నడక ఏడు అక్షరాలు: మూడు, రెండు, రెండు. ‘తకిట తక ధిమి’ అంటూ తొడ మీద తాళం వేసి చూడండి, మిశ్రచాపు తెలిసిన చెయ్యి ఎక్కడా తడబడదు. ‘ఎపిరోటికోస్’ ఉత్తర గ్రీసు కొండలది. ఆ ప్రాంతపు పాటలు మన మధ్యమావతి, శుద్ధ ధన్యాసి లాగా ఐదే స్వరాల మీద నడుస్తాయి. స్కాల్కోటాస్ ఆ పాట కింద పరిచే స్వరాలు మాత్రం బెర్లిన్‌లో నేర్చినవి. పైన గొర్రెల కాపరి గొంతు, అడుగున ఎక్కడో నేల కదులుతున్నట్టు ఒక అలజడి. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు.

ఈ సంగీతం మనదాకా రావడం వెనక కొందరి మొండితనం ఉంది. స్కాల్కోటాస్ పోయాక ఆయన మిత్రులు ఒక సంఘంగా ఏర్పడి సొరుగుల్లోని కాగితాలు సేకరించారు. జాన్ పపయోయన్నూ అనే సంగీత పరిశోధకుడు వాటికి పట్టిక తయారుచేశారు. లండన్‌లో విమర్శకుడు హాన్స్ కెల్లర్ బీబీసీలో ఆయన తరఫున వాదించారు. గ్రీసులో పుట్టి న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపిన దిమిత్రి మిత్రోపులోస్ యాభైల్లో నాలుగు నృత్యాల్ని రికార్డు చేశారు. చాలాకాలం ప్రపంచానికి స్కాల్కోటాస్ అంటే ఆ నాలుగే.

మిగతాదానికి బైరన్ ఫిదెత్సిస్ పేరు చెప్పుకోకుండా కుదరదు. 1945లో థెస్సలొనీకిలో పుట్టిన ఈ వాద్యబృంద నిర్దేశకుడు తన జీవితాన్ని ఈ పని మీద ఖర్చుపెట్టారు. సోఫియాలో, ఉరల్ పర్వతాల దగ్గరి యెకతెరిన్‌బర్గ్‌లో, కరేలియాలో, ఎక్కడ వాద్యబృందం దొరికితే అక్కడ కలోమిరిస్, సమారాస్, స్కాల్కోటాస్‌లను వాయింపజేశారు. ఉరల్ వాద్యబృందంతో 36 నృత్యాలూ రికార్డు చేశారు. మిలాన్‌లో కాలిపోయిన సమారాస్ ఒపెరాల విషయంలో పియానో ప్రతులు ముందు పెట్టుకుని వాద్యభాగాలు తానే తిరిగి రాశారు. ఆ రికార్డుల్లో ఎన్నో గ్రీసులో ‘లైరా’ సంస్థ ముద్రతో వచ్చాయి. గ్రీసు దాటి దుకాణాలకు చేరింది తక్కువ. ఒకసారి అయిపోతే మళ్లీ ముద్రించేవారు కాదు. వాటి కోసం పాత డిస్కులు అమ్మేవాళ్ల దగ్గర గాలించాల్సిందే. వెతికేవాళ్లకు ఒక్క మాట: జాబితాల్లో సమారాస్ ‘స్పిరో సమారా’గా కూడా ఉంటారు, ఇటలీలో ఆయన్ని అలాగే పిలిచేవారు. కలోమిరిస్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది.

తర్వాత స్వీడన్‌కు చెందిన ‘బిస్’ కంపెనీ స్కాల్కోటాస్ మీద పెద్ద వరసే మొదలుపెట్టింది. నికోస్ క్రిస్టోడూలూ నిర్దేశకత్వంలో మాల్మో, ఐస్‌లాండ్ వాద్యబృందాలు, బీబీసీ సింఫొనీ వాయించాయి. వయొలిన్ కన్చెర్టోలో సోలో గియోర్గోస్ దెమెర్జిస్‌ది. ‘ఒడిస్సియస్ తిరిగిరాక’, 36 నృత్యాలు బీబీసీ సింఫొనీతో వచ్చాయి. ఇటీవల నాక్సోస్ సంస్థ గ్రీకు స్వరకర్తలకు ప్రత్యేకంగా ఒక వరస నడుపుతోంది. అందులోనూ ఫిదెత్సిస్ ఉన్నారు, ఈసారి ఏథెన్స్ ఫిల్‌హార్మోనియాతో.

వేరే దేశాల్లో స్వరకర్త రచన ముందు అచ్చవుతుంది, దాన్ని పదిమంది వాయిస్తారు, బాగా వాయించినవాళ్లు రికార్డు చేస్తారు. గ్రీసులో ఎన్నో రచనలకు ఈ క్రమం తిరగబడింది. చేతిరాత ప్రతి నుంచి నేరుగా డిస్కుకు వెళ్లాయి. అందుకే ఆ డిస్కు అరిగినా, అమ్మకాల నుంచి తప్పుకున్నా పోయేది ఒక కచేరీ జ్ఞాపకం కాదు, ఆ రచనే మళ్లీ మూగబోతుంది. లైరా డిస్కుల మీద సంగీత ప్రియులకున్న ఆత్రం నాకు ఆ లెక్కలోనే అర్థమవుతుంది.

మొదట ఏది వినాలి అంటే, నృత్యాల తర్వాత నేరుగా ‘లార్గో సింఫోనికో’కు వెళ్లమంటాను. చివరి రోజుల్లో స్కాల్కోటాస్ వాద్యబృందానికి సిద్ధం చేస్తున్న రెండో సింఫొనిక్ సూట్‌లోది ఇది. నృత్యాల హుషారు ఇందులో కనబడదు. నెమ్మదిగా మొదలై, ఒకే ఆలోచన రూపాలు మార్చుకుంటూ సాగుతుంది. బిస్ వాళ్లు వయొలిన్ కన్చెర్టోతో కలిపి ఒకే డిస్కులో ఇచ్చారు. మాల్మో వాళ్ల వాయింపు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఇంకో పని ఏదీ పెట్టుకోకుండా వినండి. సూట్ మొత్తాన్ని వాద్యబృందానికి మలచడం పూర్తికాకముందే ఆయన పోయారు.