ఓపెన్ టాప్ జీపు: నిలిపినప్పుడు వాన నుంచి రక్షణ

పైకప్పు లేని, లేదా పైకప్పు తీసేయడానికి వీలున్న జీపు తరహా వాహనాన్ని ఆరుబయట నిలిపినప్పుడు వాన నీరు అందులో నిలవకుండా, చేరిన నీరు చెడుపు చేయకుండా తీసుకునే జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది. విల్లీస్ జీపు, ల్యాండ్ రోవర్, జీప్ రాంగ్లర్, మారుతి జిప్సీ, మహీంద్రా థార్ వంటివి ఈ కోవకు చెందుతాయి. మామూలు కారుకు రేకు కప్పు, తలుపుల చుట్టూ రబ్బరు అంచులు పుట్టుకతోనే ఉంటాయి. జీపుకు ఆ రక్షణను యజమాని ఎప్పటికప్పుడు అమర్చుకోవాలి. అందుకు చేయవలసిన పనులు మూడు: పైనుంచి పడే నీటిని పక్కకు మళ్లించడం, లోపలికి చేరిన నీటిని కిందికి పోనివ్వడం, మిగిలిన తడిని గాలికి ఆరనివ్వడం. చాలామంది మొదటిదానితో ఆగిపోతారు. మూడోది జరగకపోతే వాన వెలిశాక కూడా నష్టం సాగుతూనే ఉంటుంది.

నేపథ్యం

తేలికపాటి నిఘా వాహనం కావాలని 1940లో అమెరికా సైన్యం కోరడంతో జీపు రూపుదిద్దుకుంది. 1941–45 మధ్య విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఫోర్డ్ సంస్థలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బరువు తక్కువ ఉండాలి, నాలుగు వైపులా చూపు ఆనాలి, ఎక్కడానికీ దూకడానికీ అడ్డు ఉండకూడదు. అందుకే వాటికి రేకు కప్పు, రేకు తలుపులు పెట్టలేదు. ముందు అద్దం బానెట్ మీదికి వాలిపోయేది. వానకు అడ్డుగా వంపు కమ్మీల మీద పరిచే కాన్వాసు గుడ్డ ఒక్కటే ఉండేది. అయినా పెద్ద చిక్కు రాలేదు. నేల ఉత్త ఇనప రేకు. దాని మీద తివాచీ లేదు, కింద సున్నితమైన విద్యుత్ పరికరాలు లేవు. తడిసినా తుడుచుకుని బయల్దేరే బండి అది.

బ్రిటన్‌లో 1948లో వచ్చిన ల్యాండ్ రోవర్ కూడా కాన్వాసు కప్పుతోనే మొదలైంది. భారతదేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపుల బిగింపు (అసెంబ్లింగ్) ప్రారంభించింది. 1985లో మారుతి జిప్సీ, 2010లో మహీంద్రా థార్, 2020లో రెండో తరం థార్ వచ్చాయి. తరాలు మారేకొద్దీ లోపల ఫోమ్ సీట్లు, తివాచీలు, టచ్‌స్క్రీన్లు, ఎయిర్‌బ్యాగులు చేరాయి. చాలా రకాల్లో కప్పు ఇప్పటికీ తీసేయగలిగేదే, కింద ఉన్న సామాను మాత్రం మునుపటి మోటు సామాను కాదు. వాన రక్షణ ఇప్పుడు మరింత అవసరం కావడానికి కారణం ఇదే.

ఎంత నీరు చేరుతుంది?

ఒక చదరపు మీటరు చోట 1 మి.మీ. వాన కురిస్తే 1 లీటరు నీరు. జీపు లోపలి భాగం ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడవు అనుకుంటే 3 చదరపు మీటర్లు. భారత వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటిన వానను భారీ వర్షంగా లెక్కిస్తుంది. అంత వానకు కప్పు లేని జీపులో సుమారు 190 లీటర్లు, అంటే పది బిందెలకు తక్కువ కాని నీరు పడుతుంది. 204.5 మి.మీ. దాటే అత్యంత భారీ వర్షంలో అది 600 లీటర్లు మించుతుంది. గుడ్డతో ఒత్తి, మగ్గుతో తోడి సరిపెట్టగల నీరు కాదిది.

నష్టం జరిగే తీరు

వాన నీరు సీటు మీద పడగానే చెడిపోయేది కొద్దే. అసలు నష్టం కనిపించని చోట జరుగుతుంది. సీట్ల ఫోమ్ నీటిని పీల్చుకుని రోజుల తరబడి వదలదు. పైన రెగ్జిన్ పొడిగా ఉన్నా, కూర్చున్నప్పుడు కుట్ల లోంచి నీరు ఊరుతుంది. తివాచీ కింద ఉండే మెత్త కూడా అంతే. తడి ఒకటి రెండు రోజులకు మించి నిలిస్తే బూజు పడుతుంది, వాసన పట్టుకుంటుంది. తివాచీ అడుగున నీరు, గాలి కలిసి ఇనప రేకును తుప్పు పట్టిస్తాయి. రేకులు ఒకదానిమీద ఒకటి అతికిన మడతల్లో తుప్పు మొదలైతే, అది పైకి తేలేసరికి రేకు సగం తినేసి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు ఈ పనిని మరింత తొందర చేస్తుంది.

విద్యుత్ భాగాల్లో సీట్ల కింది వైరు కనెక్టర్లు, డ్యాష్‌బోర్డు మీటలు, స్పీకర్లు ముందుగా దెబ్బతింటాయి. ఎయిర్‌బ్యాగులను నియంత్రించే పెట్టె చాలా వాహనాల్లో నేల మధ్య భాగంలోనే ఉంటుంది. తుంపర్లను తట్టుకుంటాయని చెప్పే టచ్‌స్క్రీన్లు, మీటలు చిందే నీటిని మాత్రమే తట్టుకుంటాయి. గంటల తరబడి కురిసే జడివానకు, మడుగు కట్టిన నీటికి ఆ హామీ వర్తించదు. వాగు దాటగల బండి వానకూ తట్టుకుంటుందన్న నమ్మకం కూడా సరికాదు. వాగు దాటే సామర్థ్యం ఇంజను గాలి పీల్చే ఎత్తును బట్టి, కింది భాగాల అమరికను బట్టి వస్తుంది. వాన పడేది సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మీద.

కప్పుల రకాలు

*సాఫ్ట్ టాప్:* చట్రం మీద బిగించే గుడ్డ కప్పు. పాతవాటికి నూలు కాన్వాసు, ఇప్పటివాటికి వినైల్ పూత గుడ్డ లేదా అక్రిలిక్, పాలిస్టర్ నేత. కాన్వాసు తడిసినప్పుడు దారాలు ఉబ్బి నేతలోని సందులు మూసుకుంటాయి, అందువల్ల నీరు లోపలికి దిగదు. అయితే తడిసిన కాన్వాసును లోపలినుంచి తల గానీ, సామాను గానీ ఆనుకుంటే ఆ చోట చుక్కలు కారడం మొదలవుతుంది. కుట్లు, జిప్పులు, ముందు అద్దం పైఅంచు, తలుపు పైమూల సాధారణంగా కారే చోట్లు. పక్క కిటికీల పారదర్శక ప్లాస్టిక్ ఎండకు పసుపు రంగుకు తిరుగుతుంది, చలిలో మడిస్తే పగులుతుంది. దాని మీది మట్టిని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి మట్టిని వదిలించాలి.

*సగం కప్పు:* ముందు సీట్ల పైన మాత్రమే పరుచుకునే గుడ్డ. ఎండకు నీడనిస్తుంది. ఏటవాలు వానను ఆపలేదు కాబట్టి నిలిపిన బండికి దీన్ని రక్షణగా లెక్కించకూడదు.

*హార్డ్ టాప్:* ఫైబర్ లేదా రేకుతో చేసిన గట్టి కప్పు. వానకు ఇదే అన్నిటికన్నా భద్రం. విడి పలకలుగా ఊడేవాటిలో పలకలు కలిసే చోటి రబ్బరు అంచులు ఎండి పగలకుండా చూడాలి.

*నిలిపినప్పుడు కప్పే కవరు:* ఆవిరిని బయటికి పోనిచ్చే నేత కవర్లు కొద్దిపాటి వానకు, ఎక్కువ రోజుల నిలుపుదలకు మంచివి. ప్లాస్టిక్ టార్పాలిన్ నీటిని పూర్తిగా ఆపుతుంది గానీ లోపలి ఆవిరిని కూడా ఆపేస్తుంది. ఎండ కాసినప్పుడు నేలలోని తడి ఆవిరై, రాత్రి చల్లదనానికి కవరు లోపలివైపు చుక్కలుగా పేరి, తిరిగి సీట్ల మీదే పడుతుంది.

టార్పాలిన్ కట్టే విధానం

తెలుగు పల్లెల్లో ధాన్యం రాశుల మీద కప్పే బరకమే (టార్పాలిన్) జీపుకు అందుబాటులో ఉండే కవరు. దాన్ని సీట్ల మీద అలాగే పరిస్తే మధ్యలో గుంట పడుతుంది. ఒక చదరపు మీటరు గుంటలో 10 సెం.మీ. లోతు నీరు నిలిస్తే 100 కిలోల బరువు. ఆ బరువుకు బరకం అంచు రింగులు తెగుతాయి, కమ్మీలు వంగుతాయి, చివరికి నీరంతా ఒక్కసారిగా లోపల కూలుతుంది.

పూరింటి కప్పు కట్టే సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. ముందు అద్దం పైనుంచి వెనక రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే గొట్టపు చట్రం) మీదుగా ఒక వెదురు బొంగును పొడవునా కట్టి వెన్నుదూలంలా వాడాలి. బరకం దాని మీదనుంచి రెండు పక్కలకూ వాలాలి. అంచులు గోడ దాటిన చూరులా బండి పక్కరేకుల బయటికి, కనీసం ఒక జానెడు కిందికి వేలాడాలి. అంచు లోపలికి మడిచి ఉంటే ఆ మడతే కాలువగా మారి నీటిని సీట్ల మీదికి తెస్తుంది.

బరకం తాళ్లను బండి కింది చట్రానికో, లాగుడు కొక్కేలకో కట్టాలి. చెట్టుకు గానీ గోడకు గానీ కట్టిన తాడు బండి వైపు వాలుగా ఉంటే నీరు తాడు వెంట జారుకుంటూ వచ్చేస్తుంది. తాడును మధ్యలో కొంచెం కిందికి వేలాడనిస్తే నీరు అక్కడే రాలిపోతుంది. రోల్ బార్ మూలల మీద, అద్దం కొసల మీద పాత సైకిల్ ట్యూబు ముక్కలు గానీ, గోనెగుడ్డ గానీ చుడితే బరకం చిరగదు. గాలికి కొట్టుకునే బరకం దుమ్ముతో కలిసి రంగును గీకేస్తుంది కాబట్టి బిగువుగా కట్టాలి. కింద రెండు వైపులా గాలి ఆడే సందు వదలాలి. ఇంజను ఆపిన వెంటనే కప్పకూడదు. వేడిగా ఉన్న సైలెన్సర్ గొట్టానికి ప్లాస్టిక్ తగిలితే కరుగుతుంది, అంటుకోవచ్చు కూడా.

నీరు పోయే దారి

జీపు నేలలో రబ్బరు బిరడాలతో మూసిన కన్నాలు ఉంటాయి. కప్పు లేకుండా వానలో నిలపక తప్పనప్పుడు తివాచీలు తీసేసి ఈ బిరడాలు విప్పాలి. నీరు కన్నం వైపు పారేలా బండిని కొద్దిపాటి వాలులో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టాలి. ఆకులు, మట్టి చేరి కన్నాలు మూసుకుపోతే బిరడాలు విప్పినా ఫలితం ఉండదు కాబట్టి ముందే శుభ్రం చేయాలి.

వరద నీరు లేచే పల్లపు ప్రాంతంలో బిరడాలు విప్పకూడదు. అదే దారిన నీరు కిందినుంచి పైకి వస్తుంది. తిరిగి నడిపే ముందు వాటిని బిగించడం కూడా తప్పనిసరి. లేకుంటే దుమ్ము, బురదతో పాటు సైలెన్సర్ పొగ లోపలికి చేరుతుంది.

నిలిపే చోటు, దిశ

కప్పు వేసి ఉన్న జీపును గాలికి ఎదురుగా ముందు అద్దం ఉండేలా నిలపడం మంచిది. ఏటవాలు వానను అద్దం కాచుకుంటుంది, జిప్పులున్న వెనక భాగం గాలి మరుగున ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఎక్కువగా పడమటి దిక్కుల నుంచి, అక్టోబరు తర్వాత ఈశాన్యం నుంచి వీస్తుంది. తుపానులో మాత్రం కేంద్రం కదిలేకొద్దీ గాలి దిశ మారిపోతుంది కాబట్టి ఈ లెక్క నిలవదు. చెట్టు కింద నిలిపితే వాన ఆగిన తర్వాతా చాలాసేపు చినుకులు రాలుతుంటాయి, ఆకులు రాలి కన్నాలను మూస్తాయి. ఈదురుగాలిలో కొమ్మ విరిగితే గుడ్డ కప్పు ఆపలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానులో నగరంలోని చెట్లు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. అలాంటి హెచ్చరిక ఉన్నప్పుడు గుడ్డ కప్పునూ బరకాన్నీ నమ్మకుండా బండిని గట్టి కప్పున్న షెడ్డులోకి చేర్చాలి.

తడిసిన బండిని ఆరబెట్టడం

నీరు నిలిచి ఉంటే తాళం తిప్పకముందే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. బిరడాలు తీసి నీరు వదలాలి. తివాచీలు బయట వేయాలి. వీలైతే సీట్లు ఊడదీసి నిలువుగా ఆనించి నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. వైరు కనెక్టర్లను పొడిగా చేసి, ఆరాకే విద్యుత్తు కలపాలి. నీరు ఇంజను గాలిగొట్టం ఎత్తుకు చేరిందన్న అనుమానం ఉంటే స్టార్ట్ చేయకుండా మెకానిక్‌కు చూపించాలి. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు, అందువల్ల పిస్టన్ కడ్డీలు వంగిపోతాయి.

తడిసిన గుడ్డ కప్పును మడిచి పెట్టకూడదు. వాన వెలిశాక దాన్ని చట్రం మీదే బిగించి ఉంచి, పూర్తిగా ఆరిన తర్వాతే మడవాలి. తడి మడతలో నూలు కుళ్లుతుంది, కుట్లు బలహీనపడతాయి.

ఎక్కువ కాలం నిలిపి ఉంచినప్పుడు

దేశంలోని చాలా పులుల అభయారణ్యాల్లో జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఆపేస్తారు. ఆ నెలల్లో తెరిచిన సఫారీ జీపులు కదలకుండా ఉంటాయి. ఇలాంటి నిలుపుదలకు షెడ్డు ఉత్తమం. షెడ్డు లేనిచోట ఆవిరి పోనిచ్చే కవరు వేసి, తెరపి ఇచ్చిన ప్రతి రోజూ కొన్ని గంటలు దాన్ని ఎత్తి ఉంచాలి. తివాచీలు, విడి సీట్లు ఇంట్లోకి చేర్చాలి. నేల రేకు మీద గీతలు పడిన చోట ముందే రంగు వేయాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. ఎలుకలు సీట్ల ఫోమ్‌లో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. వారానికి ఒకసారి కవరు తీసి సీటు కింద, తివాచీ చోట చేయి పెట్టి చూడాలి. చేతికి తడి తగిలితే కవరు ఎంత కొత్తదైనా తీసేసి, ముందు బండిని ఆరనివ్వాలి.