తాటి రొట్టి: లెక్కలకు ఎక్కని ఒక పండు చరిత్ర

ఈ కోర్సులో ఇంతవరకు మీరు శాసనాలు, కైఫీయతులు, జిల్లా మాన్యువళ్లు, రెవెన్యూ నివేదికల ఆధారంగా రాసిన చరిత్రను చదివారు. ఈ వ్యాసంలో అలాంటి పత్రాలలో అంతగా కనిపించని ఒక తినుబండారాన్ని పరిశీలిద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో తాటి రొట్టి చేసుకుంటారు. తాటిపండు గుజ్జులో వరినూక, బెల్లం, కొబ్బరి కలిపి, కింద నిప్పు, పైన నిప్పు పెట్టి కాల్చే తీపి రొట్టి ఇది. రొట్టికి చరిత్ర ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అది అడగదగిన ప్రశ్నే. పత్రాలు పట్టించుకోని విషయం గురించి చరిత్రకారుడు ఏ ఆధారంతో మాట్లాడాలి అన్నది అందులోనే ఉంది.

చెట్టు, గెల, పండు

ముందుగా చెట్టు సంగతి తెలియాలి. తాటిచెట్టును ఉత్తరాంధ్రలో తాడి అని కూడా అంటారు. ఇంగ్లీషులోని ‘టాడీ’ అనే మాట హిందీ ‘తాడీ’ నుంచి వచ్చింది. దాని మూలం సంస్కృత ‘తాల’ శబ్దం. ఊళ్ల పేర్లలోనూ ఈ చెట్టు వినిపిస్తుంది. విజయనగరం జిల్లాలో గోస్తనీ నదిపై జలాశయం ఉన్న తాటిపూడి, విశాఖపట్నంలోని తాటిచెట్లపాలెం మీకు తెలిసినవే. పొలంగట్ల మీద, చెరువుగట్ల మీద, బంజరు భూముల్లో ఎవరూ నీరు పోయకుండానే పెరిగే చెట్టు కాబట్టి దీనికి ప్రత్యేకంగా తోట అక్కరలేదు. అయితే పూతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాటినవాడు తన పిల్లల కోసం నాటినట్టే.

తాటిలో పోతు చెట్లు, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. కల్లు రెండింటి నుంచీ తీయవచ్చు. కాయలు కాసేవి మాత్రం ఆడ చెట్లే. ఆ చెట్టు గెలతో మూడు పనులు చేయవచ్చు. లేతగా ఉన్నప్పుడే కొసను చెక్కి కల్లు దించవచ్చు. అలా వదిలేస్తే వేసవిలో ముంజలు కోయవచ్చు. ముంజలు కూడా కోయకుండా వదిలేస్తే వానాకాలం చివర పండ్లు రాలుతాయి. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకుంటే మిగతా రెండూ పోతాయి. కల్లు తీసిన గెలకు పండు ఉండదు. ముంజలు కోసిన గెల భాద్రపదానికి మిగలదు. కాబట్టి తాటి రొట్టి చరిత్ర అంటే ఆ గెల ఎవరి చేతికి, ఎందుకు వెళ్లింది అన్న చరిత్ర కూడా. దీన్ని గుర్తుంచుకోండి. మిగతా వ్యాసమంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

పండు నల్లని తొక్కతో, లోపల నారింజరంగు పీచు గుజ్జుతో, సాధారణంగా మూడు టెంకలతో ఉంటుంది. గుజ్జు తీశాక టెంకలను పారవేయరు. మట్టిలో పాతర వేస్తే రెండు మూడు నెలల్లో తేగలు వస్తాయి. సంక్రాంతి రోజుల్లో వాటిని తవ్వి, ఉడకబెట్టో కాల్చో తింటారు. అప్పుడు టెంకను పగలగొడితే లోపల తెల్లని బుర్రగుంజు దొరుకుతుంది. ఒకే పండు మూడు రకాల తిండిగా అక్కరకు వస్తుంది.

లెక్కలకు ఎక్కిన కల్లు, ఎక్కని పండు

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు విధానాన్ని 25వ రెగ్యులేషన్ ద్వారా అమలులోకి తెచ్చింది. భూమి శిస్తు విషయంలో జమీందారుకు హక్కు ఇచ్చినా, ఉప్పుతో పాటు అబ్కారీ ఆదాయాన్ని కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. విజయనగరం వంటి పెద్ద జమీందారీలలో నేల ఎస్టేటుది కాగా, చెట్టు నుంచి దిగే కల్లుమీద పన్ను ప్రభుత్వానిది అయింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ఈ అజమాయిషీని మరింత బిగించింది. ఏ చెట్టు గీయాలి, ఎవరు గీయాలి, ఎంత చెల్లించాలి అన్నదంతా కాగితం మీదికి వచ్చింది. కల్లుకు, సారాకు సంబంధించిన యాత, సెగిడి కులాల వృత్తుల గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాలలో వివరాలు దొరకడానికి కూడా ఈ పాలనాపరమైన ఆసక్తే ఒక కారణమని నా అభిప్రాయం.

పండు సంగతి వేరు. అది కల్లు కాదు కాబట్టి అబ్కారీ లెక్కకు రాదు. పైగా దాన్ని కోయడానికి చెట్టెక్కే మనిషి అవసరం లేదు. పండితే తనంతట తానే రాలుతుంది. చాలా ఊళ్లలో రాలిన పండు ఏరుకున్నవాళ్లదే అన్న వాడుక ఉండేది. అందుకే భాద్రపదంలో చీకటి ఉండగానే ఆడవాళ్లు, పిల్లలు చెట్లకిందికి బయలుదేరేవారు. ఈ హక్కును ఎవరూ రాసి ఇవ్వలేదు, ఎవరూ వేలం వేయలేదు. పన్ను లేనిచోట గుమాస్తా ఉండడు, గుమాస్తా లేనిచోట పత్రం ఉండదు. పత్రం లేకపోవడాన్ని బట్టి ఆ వస్తువే లేదనుకోవడం చరిత్ర విద్యార్థి తరచుగా చేసే పొరపాటు.

పత్రాలు ఇలాంటి తిండిని అసలు చూడలేదని కూడా అనలేం. చూసినప్పుడు కరువు కళ్లద్దాలతో చూశాయి. 1866లో ఒరిస్సాను అల్లకల్లోలం చేసిన కరువు పక్కనున్న గంజాం జిల్లాను కూడా తాకింది. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో పెద్ద భాగం అప్పట్లో గంజాంలోనే ఉండేదని మరచిపోకండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరు జిల్లాలయ్యాయి. కరువు నివేదికలు రాసిన అధికారులకు అడవి దుంపలు, ఆకులు, రాలిన పండ్లు అంటే దిక్కులేనివాళ్లు తినే పదార్థాలు. ఏడాదికేడాది ఇష్టంగా తినే తిండికీ, ఆకలికి తట్టుకోలేక తినే తిండికీ మధ్య తేడా అక్కడ చెరిగిపోయింది.

అయితే ఆకలి సంగతిని పూర్తిగా పక్కన పెట్టనూ కూడదు. మన ప్రాంతంలో వరి నాట్లు ఆషాఢ శ్రావణాల్లో పడతాయి. కోతలు కార్తీక మార్గశిరాల్లో జరుగుతాయి. మధ్యలో పాత గింజ అడుగంటి, కొత్త గింజ ఇంటికి రాని రోజులు ఉంటాయి. సరిగ్గా అప్పుడే తాటిపండు రాలుతుంది. రొట్టిలో వేసేది నూక అన్నది కూడా ఊరికే జరిగినది కాదు. నిండు బియ్యం శిస్తుకో, అంగడికో, పండగకో పోగా ఇంట్లో మిగిలేది నూకే. పండు గుజ్జు ఆ నూకను పెంచుతుంది, దానికి రుచి తెస్తుంది, బెల్లం ఖర్చును కొంత తగ్గిస్తుంది. ఈ రొట్టిని పేదరికపు తిండి అని జాలిపడనక్కరలేదు, అమృతమని కీర్తించనూ అక్కరలేదు. చేతిలో ఉన్నదాన్ని బట్టి ఇల్లాలు వేసుకున్న లెక్క ఇది. నా దృష్టిలో అది అబ్కారీ లెక్కకన్నా తక్కువదేమీ కాదు.

కింద నిప్పు, పైన నిప్పు

తయారీ తెలియకుండా ఒక పదార్థం చరిత్ర అర్థం కాదు. అందువల్ల ఇది కొంచెం వివరంగా చెబుతాను. పండు బాగా మగ్గాలి. వాసనే ఆ సంగతి చెబుతుంది. తొక్క ఒలిచి, టెంకలు విడదీసి, కొద్దిగా నీళ్లు చల్లుకుంటూ చేత్తో పిసికి గుజ్జు తీయాలి. గరుకైన జల్లెడ మీద రుద్దితే పని సులువు. పీచు పోయేదాకా వడగట్టాలి. గుజ్జులో సహజంగా కొంత చేదు ఉంటుంది. బెంగాలులో గుజ్జును గుడ్డలో మూటకట్టి వేలాడదీసి, చేదు నీటిని కారిపోనిస్తారు. కాసేపు సన్నని సెగమీద ఉడికిస్తే పచ్చివాసన పోతుంది.

రెండు గ్లాసుల గుజ్జుకు రెండు గ్లాసుల వరినూక, గ్లాసున్నర తురిమిన బెల్లం, ఒక గ్లాసు కొబ్బరికోరు, చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి కలిపి రెండు మూడు గంటలు నానబెట్టాలి. నూక గుజ్జులోని తేమను పీల్చుకోవాలి. లేకపోతే రొట్టి లోపల పలుకుగా ఉండిపోతుంది. మందపాటి గిన్నెకు నెయ్యో నూనో రాసి, అడుగున అరిటాకు పరచి, పిండి వేసి, మూత పెట్టాలి. పొయ్యిలో మంట తగ్గించి నిప్పులు మాత్రం ఉంచి, మూతమీద కూడా నిప్పులు పేర్చాలి. ముప్పావుగంట నుంచి గంటదాకా పట్టవచ్చు. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. చల్లారాకే కోయాలి. వేడిమీద కోస్తే విరిగిపోతుంది.

ఇక్కడ మీరు గమనించవలసింది మూతమీది నిప్పు. మన పల్లె వంటింట్లో ఓవెన్ లేదు. పొయ్యి సెగ అడుగునుంచే వస్తుంది. అడుగు సెగతో మాత్రమే మందపాటి రొట్టి చేస్తే కింద మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. మూతమీద నిప్పులు పెట్టడంతో గిన్నె చిన్న కొలిమి అయిపోతుంది. ఐరోపా, అమెరికా దేశాలలో ఇదే సూత్రంతో వాడిన ఇనుప పాత్రను డచ్ ఓవెన్ అంటారు. (ఆ పేరుకూ మన భీమునిపట్నం డచ్చివారికీ ముడి పెట్టకండి.) మన పొరుగున ఒడిశాలో పొడొ పిఠా ఇదే విధంగా నెమ్మదిగా కాలుతుంది. పూరీ బాహుడా యాత్రనాడు మౌసీమా గుడి దగ్గర జగన్నాథుడికి దాన్ని నివేదిస్తారు. ఒడిశా, బెంగాల్ రెండింటిలోనూ భాద్రపదంలో తాటిపండు పిండివంటలు ఉన్నాయి. జిల్లా సరిహద్దులు 1936లో గీసినా, వంటింటి సరిహద్దులు అక్కడ ఆగలేదన్నమాట. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వాదనలోకి దిగడం వల్ల ప్రయోజనం లేదు. ఒకే చెట్టు, ఒకే వరి, ఒకే నెల ఉన్నచోట ఒకే రకమైన వంట పుట్టడంలో వింతేమీ లేదు.

తాండ్రకు దొరికిన అంగడి

విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాలి పేరు వినగానే మామిడి తాండ్ర గుర్తుకొస్తుంది. అదీ పండు గుజ్జే, అదీ తీపే. చాపలమీద పొరలుపొరలుగా పోసి ఎండలో ఆరబెడతారు. మరి మామిడి తాండ్రకు దొరికిన అంగడి తాటి రొట్టికి ఎందుకు దొరకలేదు? కారణం రుచి కాదు, నిలవ. తాండ్ర నెలల తరబడి ఉంటుంది. బస్సెక్కుతుంది, రైలెక్కుతుంది. రొట్టి రెండు మూడు రోజులకు మించి నిలవదు. పైగా మామిడి ఎండాకాలపు పంట, తాటిపండు వానల్లో వస్తుంది. శ్రీలంకలోని యాఴ్పాణం తమిళులు తాటి గుజ్జును కూడా ఎండబెట్టి పినాట్టు అని నిలవ చేసుకున్నారు. కాబట్టి తాటి గుజ్జు నిలవ చేయడానికి పనికిరానిదేమీ కాదు. ఇక్కడ మాత్రం అది ఇంట్లో తినేదిగా, ఇరుగుపొరుగుకు పంచేదిగా ఉండిపోయింది.

అంగడి దొరకనందువల్ల ఒక నష్టం జరిగింది. ఇప్పుడు పట్టణాల్లో ముంజలకు మంచి ధర ఉంది. వేసవిలోనే గెలలు దిగిపోతున్నాయి. పైన చెప్పినట్టు, దిగిన గెలకు పండు లేదు. చెట్లెక్కేవాళ్లు తగ్గారు. ప్రాణాపాయం ఉన్న పని కాబట్టి వాళ్ల పిల్లలు వేరే దారి చూసుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఇటుక బట్టీలకు, ఇళ్ల స్థలాలకు చెట్లు పోతున్నాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. కొబ్బరికి తోట ఉంది, యజమాని ఉన్నాడు, అందుకే నష్టపరిహారానికి లెక్క కట్టగలిగారు. గట్టుమీది తాటికి, దానికింద పండు ఏరుకునే ఆవిడకు అలాంటి లెక్క ఏదీ లేదు.

మీరు చేయవలసిన పని

మీ ఊళ్లో అరవై ఏళ్లు దాటిన ఒక స్త్రీని కలిసి, తాటి రొట్టి ఎలా చేసేవారో అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోండి. ‘గుజ్జు’ను ఆమె ఏమంటారు, నిప్పులకు ఏం వాడేవారు, పండ్లు ఏ చెట్టుకింద దొరికేవి, ఆ చెట్టు ఎవరిది, ఏరుకోవద్దని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు రావడానికి కొంత సమయం పట్టవచ్చు. తొందరపెట్టకండి. తరువాత ఆ చెట్టు ఇంకా ఉందో లేదో స్వయంగా వెళ్లి చూసి, తేదీ వేసి, రెండు పేజీలకు మించకుండా రాయండి.