పెరటి పూలమొక్కల పుట్టుపూర్వోత్తరములు



మొన్న ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక గృహిణి నన్నిట్లు అడిగినది. "అయ్యగారూ! మా పెరటిలో బంతి, నేలసంపెంగ, దేవగన్నేరు పెంచుచున్నాను. ఇవి పరదేశపు మొక్కలట గదా! వీనితో పూజ చేయవచ్చునా?" ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో కలదు గనుక నేడు ఆ విషయమునే మనవి చేయుచున్నాను.

ఆమె విన్నమాట సత్యమే. బంతి, నేలసంపెంగ మెక్సికో దేశపువి. దేవగన్నేరు, చంద్రకాంత అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములవి. 1492లో కొలంబసు ఆ వైపు దీవులను చేరిన తరువాతనే ఇవి ఓడలెక్కి మన దేశమునకు వచ్చినవి. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపమునది. దాని నుండి నేడు రక్తక్యాన్సరుకు మందు తీయుచున్నారు. కాగితపుపూల తీగకు బుగేన్‌విలియా యను పేరు, 1766-69 నడుమ భూమిని చుట్టివచ్చిన ఫ్రెంచి నావికుడు బూగేన్‌విల్ వలన కలిగినది.

పాఠశాలలో మా గురువుగారు బంతిపూలను గుమ్మమునకే గాని పూజాపీఠమునకు రానిచ్చెడివారు కారు. నేనును చాలకాలము ఆ నియమమునే పాటించితిని. అయితే సంక్రాంతినాడు గొబ్బెమ్మ తలపై మన ఆడుబిడ్డలు ఉంచు తీపిగుమ్మడి పూవు సైతము అమెరికా నుండి వచ్చినదే! ఈ సంగతి తెలిసిననాడు నా పట్టుదల సడలినది.

1516లో శ్రీకృష్ణదేవరాయలు సింహాచలమునకు వచ్చి స్వామిని సేవించెను. ఆయన రచించిన ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు తోట పెంచి, మాలలు కట్టి సమర్పించిన భక్తుడు. అతనిని గొప్పవానిని చేసినది పూవుల జన్మస్థానము కాదు, ఆ చేతుల శ్రమ. కావున అమ్మా, నీవు నీరుపోసి పెంచిన బంతి పూజకు తగినదే.

అట్లని మన మొక్కలను మరువరాదు. సింహాచలము పేరు చెప్పగనే సంపెంగ పరిమళము స్ఫురించును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిననాడు నగరమున లెక్కకు మిక్కిలి చెట్లు కూలినవి. మా వాకిటి సంపెంగయు వానితోపాటు ఒరిగినది. మరుసటి ఏడు విత్తులు నాటబోగా, "ఈ వయసులో విత్తనమేల? అంటుమొక్క త్వరగా పూయును గదా!" అని మావారు నవ్విరి. పూయువరకు నేనుందునో లేదో యను శంక నాకును లేకపోలేదు. అయినను నాటితిని. ఈ వేసవిలో తొలిపూవు పూచినది.

నా అనుభవమును చెప్పెదను. సంపెంగ విత్తులను పైనున్న ఎర్రని కండ తీసి వెంటనే నాటవలెను, నిలువయుంచినచో మొలకెత్తవు. మందారము కొమ్మ నాటినను బ్రతుకును. మల్లెకు చలికాలమున నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించినచో వేసవిలో విరగబూయును. సముద్రపు ఉప్పుగాలి తగులు ఇండ్లకు గన్నేరు, దేవగన్నేరు, కాగితపుపూలు మేలు. పెరడు లేనివారికి మేడమీది కుండీ చాలును.

ఓడలో వచ్చినదైనను, కొండమీద పుట్టినదైనను, ఒక్క మొక్కనైనను మీ చేతులతో నాటుడు. స్వస్తి.