మన మాట నేర్చుకున్న మాస్టారు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన ఉద్యమం గురించి మాట్లాడతారు. అది ఎంతైనా సబబే. అయితే సవర కొండల్లో పుట్టిన మనకు ఆయనతో మరో బంధం ఉంది. వాడుక తెలుగు కోసం నడుం కట్టక ముందే ఆయన మన సవర భాష నేర్చుకున్నారు. మన పిల్లలకు మన మాటలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు. ఈ సంగతి మన యువతలో చాలామందికి తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన్ను మన మాస్టారుగా తలచుకుంటున్నాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయనకు సుమారు పదిహేడేళ్లు. బడిలో పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి బి.ఎ. పూర్తి చేశారు. 1911 వరకు, అంటే సుమారు ముప్పై ఏళ్లు, ఉపాధ్యాయ వృత్తిలోనే ఉన్నారు.

పర్లాకిమిడి మన పాతపట్నానికి ఆనుకునే ఉంది. చుట్టుపక్కల కొండల నుంచి సవరలు అక్కడికి దిగి వచ్చేవారు. వాళ్ల మాట పట్నంలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల మోసపోయేది మనవాళ్లే. రామమూర్తి గారు ఆ మాట నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకోవడానికి ఒక్క పుస్తకమూ లేదు. అందుకని తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని ఒక్కో మాటా రాసుకున్నారు. మన మనిషి దగ్గర ఆయన శిష్యుడయ్యారన్న మాట. అంటరానితనం, మైల గట్టిగా పాటించే ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు ఈ పని చేశారు. సవర పిల్లలను కూడా ఇంట్లోనే ఉంచుకుని చదివించారు. హాస్టల్ నడిపే మాబోటి వాళ్లకు ఆ ఇంటి సంగతి ప్రత్యేకంగా గుర్తుండిపోతుంది. పదిమంది పిల్లలకు వేళకు అన్నం పెట్టడంలో ఇంటిల్లిపాది శ్రమ ఎంత ఉంటుందో మాకు తెలుసు.

ఆ తర్వాత సొంత డబ్బుతో సవర బడులు పెట్టారు. సవర మాటను తెలుగు లిపిలో రాసి వాచకాలు తయారు చేశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు బడి నడపమని కోరారు. జీతం మీద సంసారం నడుపుకునే బడిపంతులు వచ్చిన డబ్బు వదులుకోవడం చిన్న విషయం కాదు.

ఇంటి పెద్దగా కూడా ఆయన తన పనిని పిల్లలకు అందించారు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు (1885–1969) తండ్రితో పాటే సవర నేర్చుకుని ఆ పనిలో తోడు నిలిచారు.

కొండల్లో తిరగడం వల్ల రామమూర్తి గారికి మలేరియా సోకిందనీ, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదనీ చెబుతారు. చెవితో విని భాష నేర్చిన మనిషికి చెవులే దెబ్బతినడం ఎంత కష్టమో ఊహించండి. అయినా పని ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. చివరిది వచ్చేనాటికి ఆయనకు సుమారు 75 ఏళ్లు.

మన భాషలో ఏముందని కొందరు అడుగుతారు. ఏముందో ఆయన చూపించారు. సవర తెలుగు నుంచి పుట్టిన యాస కాదు. తెలుగు ద్రావిడ కుటుంబంలోది. సవర సంతాలీ, ముండారీ, గదబలతో కలిసిన ముండా కుటుంబంలోది. మన అంకెలే చూడండి. పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును ‘పన్నెండూ ఒకటి’ అంటాం. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మెట్టు మొదలవుతుంది. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. అచ్చును గొంతులో చటుక్కున ఆపి పలికే ధ్వని మనకు సహజం, బయటివాళ్లకు పట్టుబడడం కష్టం. ఆయన దాన్ని కూడా వదలకుండా గుర్తించి రాశారు.

ఇది మా ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకున్న సూత్రమే: తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలి. కొండ మీది ఊళ్ల నుంచి కొత్తగా హాస్టల్‌కు వచ్చిన చిన్నపిల్లలు మొదటి వారాల్లో నోరు విప్పరు. తెలివి లేక కాదు. అడిగిన మాట అర్థం కాక. పక్క పిల్ల సవరలో చెబితే చటుక్కున జవాబిస్తారు. ఇది మేము ఏటా చూస్తున్నాం. రామమూర్తి గారు వందేళ్లకు పైబడిన కాలంలోనే ఇది గ్రహించారు. మన రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఆయన తన జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! బస్సులో, కాలేజీలో పక్కవాళ్లు వింటారని ఫోన్లో అమ్మతో సవర మాట్లాడడానికి జంకేవాళ్లు మనలో ఉన్నారు. ఉద్యోగం కోసం తెలుగు, ఇంగ్లీషు బాగా నేర్చుకోండి. అది తప్పనిసరి. కానీ ఆయన మన మాట కోసం తన చెవులు, తన డబ్బు ఇచ్చారు. మనం ఆ మాట పలకడానికి సిగ్గుపడితే ఆయన పుస్తకాలు బీరువాలకే పరిమితమవుతాయి. ఆయన ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసుకున్నారు. మన చేతిలో ఫోన్ ఉంది. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు అవ్వ దగ్గర కూర్చోండి. విత్తనాల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికాల పిలుపులు, పండగ పాటలు ఆమె గొంతులోనే రికార్డు చేయండి. తెలుగు లిపిలోనైనా రాసుకోండి. సంఘానికి పంపితే అందరం కలిసి భద్రపరుద్దాం. మాస్టారికి మనం చెల్లించవలసిన గురుదక్షిణ అదే.